నా చేతిలో ప్రియదర్శిని!

'మాయాబజార్' (1957) చూడనివాళ్ళు చేతులెత్తండి... ఎవరూ లేరు కదా! అందులో ప్రియదర్శిని అనే పేటిక ఉంటుంది. తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు! పోయిన నెల నా చేతికీ అలాంటి పెట్టె ఒకటి వచ్చింది. పేరు ఈ-రీడర్.

నేను ఊరికి బయలుదేరితే సంచిలో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ. తిరుపతి బస్టాండులో నా సంచి ఎత్తి చూసిన స్నేహితుడొకడు, "రాళ్ళు మోస్తున్నావా?" అని జాలిపడి తన ఈ-రీడర్ అరువిచ్చాడు. ఆరంగుళాల తెర. సన్నపాటి నవలంత బరువు. వేల పుస్తకాలు పడతాయట!

చిత్తూరు బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాను. సుమారు 70 కిలోమీటర్ల దారి. చంద్రగిరి దాటేసరికి ఎండ నేరుగా తెరమీద పడింది. సెల్‌ఫోన్ అయితే అందులో నా మొహమే కనబడేది. ఇది మాత్రం అచ్చు కాగితమే! తెర లోపల కంటికి ఆనని గుళికలుంటాయి. వాటిలోని నలుపు, తెలుపు రేణువులు కరెంటు తగిలితే పైకీ కిందికీ కదిలి అక్షరాలవుతాయి. దాన్నే ఈ-ఇంక్ అంటారు. కదలకుండా నిలిచిన పేజీకి కరెంటే అక్కర్లేదు.

"ఏంది నాయనా అది, సెల్లా?" పక్క సీట్లోంచి ఓ అవ్వ.

"పుస్తకం అవ్వా!"

డిగ్రీ చదివే మనవరాలు నవ్వింది. "మా అవ్వకు నవలల పిచ్చి అన్నా. యద్దనపూడి అంటే ప్రాణం."

"అద్దె షాపులో తెచ్చుకోని చదువుతా ఉంటి. 'సెక్రటరీ' సినిమా గూడా రెండుసార్లు చూస్తి. ఇప్పుడు కండ్లు ఆనక మానుకుంటి. అక్షరాలు చీమల మాదిరి ఉండాయి."

కుర్రకారుకు చిన్న మాట. యద్దనపూడి సులోచనారాణి నవలల్లోంచే 'మీనా' (1973), 'జీవన తరంగాలు' (1973), 'సెక్రటరీ' (1976) వచ్చాయి. చిరంజీవి 'అభిలాష' (1983) కూడా యండమూరి నవలే. ముందు నవల, తర్వాత వెండితెర!

నాకు హుషారొచ్చింది. "అవ్వా, ఇందులో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి" అని నొక్కాను. ఇంగ్లీషు అక్షరాలు రేగిపండ్లంత అయ్యాయి.

"బాగుండాది. తెలుగుది తియ్యి."

అక్కడ దొరికిపోయాను! నా దగ్గరున్న తెలుగు పుస్తకాలు రెండే. ఒకటి పాత పుస్తకానికి పేజీ పేజీకీ తీసిన ఫొటో. పెద్దది చేస్తే సగం వాక్యం తెర దాటి పారిపోయింది. రెండోది ఏదో పాత ఫాంటులో కొట్టింది. ఒత్తులొక చోట, గుణింతాలొక చోట సర్కస్ చేస్తున్నాయి. అవ్వ ముఖం చిన్నబోయింది.

చివరికి నేను యూనికోడ్‌లో టైపు చేసుకున్న ఈ శీర్షికే, పాతదొకటి తెరిచాను. నొక్కగానే అక్షరాలు పెద్దవయ్యాయి, వాక్యాలు వాటంతటవే సర్దుకున్నాయి. అవ్వ పెట్టె చేతికి తీసుకుని, పెదవులు కదుపుతూ పూతలపట్టు దాకా చదివింది!

అంటే లోపం పెట్టెది కాదు, అందులో మనం పెట్టనిదాంది. కిండిల్ 2007లోనే పుట్టింది. 2016 డిసెంబరులో దానికోసం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చాయి. ఆ అయిదింట్లో తెలుగు లేదు.

మిత్రులారా! పాత సినిమాలను 4కెలో రీరిలీజు చేయించి, కాగితాలు ఎగరేసి గోల చేస్తారే... ఆ సినిమాల వెనకున్న నవలలకూ రీరిలీజు కావాలని ఒక్కసారి అడగరేం? ఫొటోలు తీసి పడేస్తే చాలదు. హక్కుదారుల అనుమతితో అక్షరం అక్షరం కొట్టించాలి. అలా చేస్తే చూపు తగ్గినవాళ్ళూ మళ్ళీ చదువుకుంటారు. అవ్వ తెరిస్తే అవ్వకు ప్రియమైనది కనబడకపోతే అది ప్రియదర్శిని ఎలా అవుతుంది?

చిత్తూరులో దిగుతూ అవ్వ పెట్టె నా చేతికిచ్చింది.

"నువ్వు రాసింది చదివితి నాయనా. పరవాలేదు. ఈసారి నవల ఏసుకోని రా!"