బాల్కనీలో విషం చల్లే మేధావులకి

మా పక్క ఫ్లాటాయన మొన్న ఆదివారం మందార మొక్కకి కుండీ మార్చాడు. చూస్తే వేళ్ళకీ, కొమ్మలకీ తెల్లగా దూది అంటించినట్టు పిండినల్లి! వెంటనే ఊర్నించి తెచ్చిన మోనోక్రోటోఫాస్ కలిపి కొట్టేశాడు. రెండడుగుల అవతలే మా పిల్లల బట్టలు ఆరేసున్నాయి. ఇదేంటండీ అంటే, "రైతులు వాడట్లేదా?" అని ఎదురు ప్రశ్న.

అయ్యా, ఆ మందు కూరగాయల మీద కొట్టకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయింది ఈ మందు కలిసిన నూనెతో వండిన కూర వల్లే. దాన్నా మీరు బాల్కనీలో చల్లేది?

పోనీ, పీడ వదిలిందా? పాత మట్టే మళ్ళీ కొత్త కుండీలో పోశాడు. చీమల్ని పట్టించుకోలేదు. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం దాన్ని కాపాడేది ఆ చీమలే కదా!

కుండీ మార్చే రోజే అసలు అవకాశం. పాత మట్టి మొత్తం దులిపి మూటగట్టి పారేయండి. వేళ్ళు నీళ్ళతో కడగండి. కుండీని సబ్బుతో తోమండి. లీటరు నీళ్ళలో 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి వారానికోసారి సాయంత్రం పూట కొట్టండి. రెండు మూడు వారాలు ఆ మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టండి. ఓపిక తప్ప ఖర్చేముంది?

ఆఫీసులో చిన్న బగ్ వస్తే రూట్ కాజ్ ఏంటని పది మెయిళ్ళు పెడతాం. ఇక్కడ కాజ్ నిజంగానే రూట్‌లో ఉంది మహాప్రభో!