తాళం పెట్టెలో తుపాకీ

2017 జనవరి 6. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఫోర్ట్ లాడర్‌డేల్ విమానాశ్రయం. విమానం దిగినవాళ్లంతా బెల్టు దగ్గర సామాన్ల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లలో ఇరవయ్యారేళ్ల యువకుడొకడు తన పెట్టె అందుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. తుపాకీలో తూటాలు నింపుకుని బయటికొచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. ఐదుగురు చనిపోయారు. ఆరుగురు తూటా దెబ్బలతో ఆస్పత్రి పాలయ్యారు.

ఆ తుపాకీ ఎవరి కళ్లూ కప్పి తెచ్చింది కాదు. అలాస్కాలో విమానమెక్కేటప్పుడు కౌంటర్లో చెప్పి మరీ సామాన్లలో వేశాడు. అంతా నిబంధనల ప్రకారమే!

అమెరికాలో విమాన ప్రయాణికుడు తుపాకీని చేతిసంచిలో పెట్టుకోకూడదు. చెకిన్ లగేజీలో మాత్రం తీసుకెళ్లొచ్చు. తుపాకీలో తూటాలు ఉండకూడదు. గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. కౌంటర్లో ఆ సంగతి చెప్పాలి. తూటాలను వాటికోసం చేసిన డబ్బాలో సర్దాలి. అంతే!

ఇంత తేలికైన నిబంధనలనూ మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు. 2023లో అక్కడి తనిఖీ కేంద్రాల్లో ప్రయాణికుల చేతిసంచుల్లోంచి 6,737 తుపాకులు బయటపడ్డాయి. వాటిలో నూటికి 93 తూటాలు నింపినవే. 'సంచిలో ఉన్న సంగతే మర్చిపోయాం' అన్నది తరచూ వినిపించే సమాధానం. మర్చిపోయినా జరిమానా తప్పదు. అది వేల డాలర్లలో ఉంటుంది.

మరోపక్క, తుపాకీ లేనిదే బతుకు గడవనివాళ్లూ ఉన్నారు... షూటింగ్ క్రీడాకారులు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్... ఇద్దరూ హైదరాబాద్‌లో పెరిగినవాళ్లే. పోటీ ఏ దేశంలో జరిగినా తుపాకీని విమానంలో తీసుకెళ్లాల్సిందే. కాగితాలు చూపించాలి, పెట్టె తెరిచి చూపించాలి, దిగాక మళ్లీ లెక్క చెప్పాలి. చెకిన్ లగేజీలో తుపాకీని పూర్తిగా నిషేధిస్తే ముందు దెబ్బతినేది వీళ్లే.

మరి లోపం ఎక్కడుంది? తాళం, గట్టి పెట్టె, కౌంటర్లో మాట... ఇవన్నీ విమానం గాల్లో ఉన్నంతసేపు కాపాడతాయి. పెట్టె చేతికందాక అది ఎవరి చేతికందింది అన్నదే ముఖ్యం. కొన్ని విమాన సంస్థలు అలాంటి పెట్టెను బెల్టు మీద వదలకుండా ఆఫీసులో గుర్తింపు చూసి ఇస్తాయి. మంచిదే. కానీ ఫోర్ట్ లాడర్‌డేల్ కథ విమానాశ్రయంలో మొదలవలేదు.

అంతకు రెండు నెలల ముందు, 2016 నవంబరులో, ఆ యువకుడు తనంతట తానే అలాస్కాలోని ఎఫ్‌బీఐ కార్యాలయానికి వెళ్లాడు. ప్రభుత్వం తన మెదడును నడిపిస్తోందని చెప్పుకున్నాడు. అతణ్ని మానసిక పరీక్షలకు పంపారు. పోలీసులు తుపాకీ తీసి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత, డిసెంబరులో, తిరిగి ఇచ్చేశారు. చట్టప్రకారం దాన్ని అట్టిపెట్టుకోవడానికి కారణం లేకపోయింది మరి!

2018లో కోర్టు అతనికి ఐదు యావజ్జీవ శిక్షలు వేసింది. అతను సాయం అడిగిన రోజున ఇంకాస్త గట్టిగా పట్టించుకుని ఉంటే, ఆ ఐదుగురూ తమ పెట్టెలు తీసుకుని ఇళ్లకు వెళ్లేవాళ్లేమో.