చర్మముతో ముగియని వ్యాధి

క్రిందటి మాసమున మా పినతల్లి కూతురు మాయింట పదిదినము లుండెను. ఆమెకు ఆఱేండ్లుగా సోరియాసిసు కలదు. మోచేతులపై మొదలైన యెఱ్ఱని మచ్చలు, వెండిపొట్టువంటి పొలుసులు నేడు వీపును కాళ్ళను కప్పినవి. అత్తవారింట ఆమె కంచము వేఱు, చాప వేఱు. ఇది అంటువ్యాధి కాదు. తాకినను, కలసి భుజించినను ఒకరినుండి యొకరికి రాదు. ప్రపంచ ఆరోగ్య సభ 2014వ సంవత్సరముననే యీ విషయమును తన తీర్మానమున చేర్చినది. మన వంటయిండ్లకు మాత్ర మా వార్త యింకను చేరలేదు!

అంతకన్న నన్ను కలతపెట్టిన దింకొకటి. ప్రాతఃకాలమున ఆమె చెంబు పట్టుకొనలేకుండెను. వ్రేళ్ళు వాచి, గంటసేపు బిగిసియుండెడివి. “చాకిరివలన వచ్చిన నొప్పులే అక్కా” యని ఆమె తలంపు. చర్మవైద్యురాలు చూచి, ఇదియు సోరియాసిసే యనియు, ఆలస్యము చేసినచో కీళ్ళు మరల బాగుకాని రీతిగా చెడుననియు చెప్పిరి. ఈ వ్యాధి గలవారిలో నూటికి 30 మందివరకు కీళ్ళు చెడునట.

దేహమును కాపాడవలసిన శక్తియే దారితప్పుటచే, నెలదినములలో ఎదిగి రాలవలసిన చర్మకణములు నాలుగైదు దినములలోనే పైకివచ్చి పేరుకొనును. దీనికి మూలమైన వాపు చర్మముననే నిలువదు. అరచేయి వ్రేళ్ళతోకూడ దేహమున నూటికొక పాలు; మచ్చలు పది అరచేతులకు మించినచో తీవ్రమని యెంచుదురు. అట్టివారికి గుండెపోటు, పక్షవాతము, మధుమేహము కలుగు నవకాశము హెచ్చు. మనస్సు క్రుంగుటయు కలదు. వేఱు కంచము దానిని తగ్గించునా?

దేహమంతయు ఎఱ్ఱబారి చలిజ్వరము వచ్చినను, చీముపొక్కులు లేచినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను, అది ప్రాణాపాయము. స్టెరాయిడు మాత్రలను హఠాత్తుగా మానుటవలనను ఇట్లు జరుగవచ్చును. ఊరుపేరు లేని పొడులలో ఆ మందు కలిసియుండుటయు కలదు.

మా చెల్లెలికి మెథోట్రెక్సేటు వ్రాసిరి. అది వారమున కొక్కనాడే మ్రింగవలసినది. పొరపాటున ప్రతిదినము మ్రింగినవారు మరణించిరి. గర్భిణులకు, బిడ్డను కోరువారికి అది నిషిద్ధము. మా వారు క్యాలెండరులోని ఆదివారములను ఎఱ్ఱసిరాతో చుట్టి ఆమెచేతి కిచ్చిరి. దానితోడనే, ఆమె అత్తగారికి నేనొక యుత్తరము వ్రాసితిని. మాయింట ఆమె మా పిల్లలతో ఒకే పంక్తిని భుజించినదని అందులో మొదటి మాటగా వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు.