సైకిలు వెంట కుక్క

హోసూరు చుట్టుపట్ల వుండే మన తెలుగు కుటుంబాలకు సైకిలు కొత్త వస్తువు కాదు. బాగలూరు, బేరికె, సూలగిరి, కెలమంగలం దారులలో పాలక్యాను కట్టుకొని, పూలమూట కట్టుకొని, పుస్తకాల సంచి తగిలించుకొని పోయే సైకిళ్లు ఈనాటికీ కనబడుతూనే వున్నవి. మోటారు బండ్లు వచ్చి వాటిని కొంత వెనక్కు నెట్టిన మాట నిజమే. అయినా తమిళనాడు ప్రభుత్వంవారు సర్కారు బళ్లలోను, ఎయిడెడ్ బళ్లలోను పదకొండవ తరగతి చదివే పిల్లలకు ఉచితంగా సైకిళ్లు ఇస్తూ వస్తున్నందువల్ల పల్లెపిల్లలకు, అందులోను ఆడపిల్లలకు, బడి దగ్గరైనది. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ సైకిలుకూ దాని వెంటపడే కుక్కకూ వున్న తగవును గురించి.

ఇది కూడా ఒక విషయమేనా అని నవ్వేవారుంటారు. మాకు తెలిసిన ఒక ఇంట పదహారేళ్ల పిల్ల, మామిడితోపు మలుపులో నాలుగు కుక్కలు రోజూ తరుముతున్నవని సైకిలు మూలకు చేర్చింది. బస్సు దొరికిననాడు బడి, దొరకనినాడు ఇల్లు. తండ్రి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి పోయే మనిషి. "కుక్కకు జడుస్తావా పాపా?" అని ఆయన ఎగతాళి. ఆ ఎగతాళి ఎంత దూరం పోతుందో ఆయనకు తెలియదు. అది తరువాత చెబుతాము.

కుక్క సైకిలును ఎందుకు తరుముతుంది? పరుగెత్తేదానిని పట్టబోవడం దాని పుట్టుకలోనే వున్నది. రెండవది, తన వాకిలి, తన చెత్తకుప్ప, తన పిల్లలు వున్న చోటును అది తన ఎల్లగా ఎంచుకొంటుంది. మనం బెదిరి గట్టిగా తొక్కి వెళ్లిపోతాము. కుక్క మాత్రం 'నేను తరిమినాను, వాడు పోయినాడు' అనుకొంటుంది. రోజూ గెలిచే ఆటను ఎవరు మానుతారండీ? మరునాడు మరింత ఉత్సాహంతో వస్తుంది. ఒకటి మొరిగితే తక్కినవి తోడవుతవి.

ఈ బాధ మనకొక్కరికే కాదు. సైకిలు కొత్తగా వచ్చిన రోజులలో, 19వ శతాబ్దం చివర, ఫ్రాన్సు దేశంలో సైకిలు తొక్కేవారు కుక్కలను బెదిరించడానికని జేబులో పట్టే చిన్న పిస్తోలు ఒకటి తయారుచేసి అమ్మినారు. దానిపేరే 'వెలోడాగ్', అనగా సైకిలు, కుక్క అనే రెండు మాటలు కలిపిన పేరు. మనకు పిస్తోలుతో పనిలేదు. కాస్త నిదానం వుంటే చాలు.

దూరాననే కుక్కలు కనబడితే వేగం తగ్గించాలి. మీదికి వస్తే దిగిపోవాలి. దిగి, సైకిలును మనకూ కుక్కకూ నడుమ అడ్డంగా పెట్టుకొని నడవాలి. పరుగు లేకపోతే తరమడానికి ఏమున్నది? చాలా కుక్కలు అక్కడే తేలిపోతవి. కండ్లలోకి గుచ్చి చూడరాదు, వీపు త్రిప్పి పరుగెత్తరాదు, కాలితో తన్నరాదు. గట్టి గొంతుతో "పో! ఇంటికి పో!" అనాలి. రాయి తీసుకొంటున్నట్లు క్రిందికి వంగితే మన ఊరి కుక్కలలో చాలామట్టుకు వెనుకాడుతవి. నిజంగా విసరవలసిన పనిలేదు. దాని ఎల్ల దాటినదాకా అట్లే నడిచి, పిదప ఎక్కవచ్చును. ఒకవేళ క్రిందపడితే ముడుచుకొని, మెడను, ముఖాన్ని చేతులతో కప్పుకోవాలి.

కొందరు కాళ్లెత్తి హ్యాండిలుమీద పెట్టుకొంటారు. అది సర్కసువారికి చెల్లును. కాటుకంటె పాటు ముందు వచ్చే ప్రమాదమున్నది. కుక్కను తప్పించబోయి రోడ్డు నడుమకు తిరిగితే వెనుక లారీ రావచ్చును. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకొని కూర్చోవడమూ తగదు. ఆ సామెత మనకు తెలుసును గాని కుక్కకు తెలియదు గదా.

పెంపుడు కుక్కలవారి సంగతి వేరు. అడిగితే "అది ఏమీ చేయదు సామీ, ఊరికే వస్తుంది" అంటారు. ఊరికే వచ్చినదానికే మనిషి గుంటలో పడుతున్నాడు. పెంచుకొన్న జంతువువల్ల ఇతరులకు గాయం కాకుండా జాగ్రత్తపడని యజమానికి 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను వున్నది. ఆరు నెలలదాకా జైలు, లేదా 5,000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూను. కోర్టుదాకా పోనక్కరలేదు. బడివేళకు కుక్కను కట్టివేయమని ఇరుగుపొరుగు నలుగురు కలిసి మర్యాదగా అడిగితే చాలావరకు వింటారు.

ఇక కాటు సంగతి. 'కుక్కకాటుకు చెప్పుదెబ్బ' సామెతకు బాగున్నది గాని వైద్యానికి పనికిరాదు. కాటుకు మొదటి మందు సబ్బు, నీళ్లు. ధారగా పడే నీళ్లక్రింద గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో కడగాలి. సున్నం, కారం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. పంటిగీత పడినా, గోటిగీరు పడినా, కరచినది చిన్న కుక్కపిల్ల అయినా పోవలసినదే. లోతైన గాయమైతే గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా కావాలి. అది లేదంటే ఎక్కడ దొరుకునో అక్కడే అడిగి తెలుసుకొని అక్కడికి పోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఈ సూదులు వేయించుకోవచ్చును.

మన పెద్దలు 'బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు' అని ఇంకా భయపెడుతుంటారు. ఆ పాతరకం మందును మన దేశంలో 2004 ఆఖరుతో మానివేసినారు. ఇప్పటివి చేతికి వేసేవి. చర్మంలో వేసే పద్ధతి అయితే మొదటిరోజు, తరువాత 3, 7, 28వ రోజులు. కండలో వేసే పద్ధతి అయితే 14వ రోజు కూడా. నడుమ మానరాదు. కుక్క బాగానే వున్నది, పది రోజులు చూద్దామని ఆగరాదు. ముందు సూది మొదలుపెట్టి, పిదప కుక్కను కనిపెట్టవచ్చును. 1885లో పాశ్చర్ మహాశయుడు ఒక పిల్లవాడికి ఈ టీకా వేసి చూపినాడు. మన దక్షిణాదిలో 1907నుండీ కూనూరులో పాశ్చర్ సంస్థ వున్నది. ఇంత కాలమైనా ఒక మాట మారలేదు: రేబీసు లక్షణాలు పైకి కనబడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు లేదు. సమయానికి సరిగా వైద్యం జరిగితే దాదాపు పోవడమూ లేదు.

అందుకే ఆ ఎగతాళి మాట ఎత్తినాము. "కుక్కకు జడుస్తావా" అని నవ్వించుకొన్న పిల్ల, రేపు నిజంగా పంటిగీత పడితే ఇంట చెబుతుందా? గౌను క్రింద దాచుకొంటుంది. తిట్టుకు జడిసి పిల్లలు దాచిన కాటు అన్నిటికంటె చెడ్డది. కరచినదని చెప్పిన పిల్లను తిట్టబోమని ప్రతి ఇంటా పెద్దలు ముందే మాట ఇవ్వాలి.

కుక్కలకు విషం పెట్టేద్దామనే వీరులూ వున్నారు. అది నేరము, పైగా వ్యర్థము. ఉన్నవి పోతే, చెత్త వున్నంతకాలం, కొత్తవి వచ్చి చేరుతవి. తనతో నడిచిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ విని పెరిగినవాళ్లం మనం. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను, రేబీసు టీకా చేయించి, పట్టుకొన్న చోటనే విడవడం స్థానిక సంస్థల బాధ్యత. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే వాటిలో రేబీసు వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బళ్లు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్ల ఆవరణలలోని వీధికుక్కలను తీసి, మళ్లీ అక్కడ విడవక, ఆశ్రయాలలో వుంచమని ఆదేశించింది.

కాగితంమీద వున్నది రోడ్డుమీదికి రావాలంటే అర్జీ కావాలి. గుమాస్తాగిరీలో మేము నేర్చుకొన్నది ఇంతే: 'కుక్కల బాధ ఎక్కువైనది' అన్న అర్జీ ఫైలులో నిద్రపోతుంది. ఏ మలుపు, ఏ వేళ, ఎన్ని కుక్కలు, ఏ తేదీన ఎవరు పడినారు, దగ్గరలో కోడిమాంసం అంగడి చెత్త ఎక్కడ పోస్తున్నారు అని వ్రాసి, పదిమంది సంతకాలతో పంచాయతీకి ఇచ్చి, రసీదు పుచ్చుకొన్న అర్జీ మేలుకొని వుంటుంది. తమిళంలో వ్రాయండి, నకలు ఒకటి వుంచుకోండి. ఇంట తెలుగు, బయట తమిళం అని రెండు భాషలు వచ్చిన మనకు అది ఒక పూట పని.

అందాకా ఆ మలుపు దాటేదాకా పిల్లలను ఇద్దరేసి, ముగ్గురేసి కలిసి పొమ్మనండి. మొదటి వారం పెద్దవారెవరైనా తోడు నడిస్తే ఇంకా మంచిది.