బస్తా మోసినవాడి పేరు కూడా రాయండి

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల టోకు వ్యాపారం చేసే మాకు బర్మా దూరదేశం కాదు. విదేశాల నుంచి వచ్చే మినుముల్లో ఎక్కువ భాగం అక్కడివే. ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని 2021లో మన ప్రభుత్వం ఆ దేశంతో ఒప్పందం కూడా చేసుకుంది. మా ఇంటికైతే ఆ బంధం ఇంకా పాతది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. సొంత రాజధానిలో తామే తక్కువైపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. పైగా మాంద్యం రోజుల్లో, దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో నాలుగో వంతు పొలం అప్పుల కింద తమిళ వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయింది. ఆ రైతు కోపం న్యాయమైనదే. కానీ అది వడ్డీవ్యాపారి దగ్గర ఆగలేదు. 1930 మేలో కూలి పెంచమని రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి దించాయి, సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నాయి. ఆ మంట కంపెనీలను తాకలేదు. మా తాతలాంటి వాళ్ల మీద పడి ప్రాణాలు తీసింది.

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. వేలిముద్ర వేసే కూలీకి కాగితాలెక్కడివి? 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాక దుకాణాలు జాతీయమయ్యాయి, 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. లక్షల మంది తిరుగు ఓడలెక్కారు. అక్కడే పుట్టిన మా నాన్న విశాఖలో దిగాడు.

వాళ్లను పంపేసి ఆ దేశం బాగుపడిందా? రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బియ్యం ఎగుమతిలో ప్రపంచంలోనే మొదటిదిగా ఉన్న బర్మా, 1987కల్లా ఐక్యరాజ్యసమితి అత్యంత వెనుకబడిన దేశాల జాబితాకెక్కింది. 1983 తర్వాత జనాభా లెక్కలు తీసింది మళ్లీ 2014లోనే. అప్పుడు కూడా, రోహింగ్యాలమని చెప్పుకున్నందుకు రఖైన్‌లో పది లక్షల మందికి పైగా మనుషులను లెక్కలోంచి వదిలేశారు.

మన జనగణన 2027లో ఉంది. అందులో ఎవరూ అలా మిగిలిపోకూడదు. మా దుకాణం ముందు లారీ దించే కుర్రాళ్లలో బిహార్‌వాళ్లున్నారు, మహబూబ్‌నగర్ వైపువాళ్లున్నారు. వాళ్లలో కొందరు రాత్రి అరుగుల మీదే పడుకుంటారు. ఇల్లు లేనివాళ్లను ఒక రాత్రి విడిగా లెక్కించే పద్ధతి మనకు ముందు నుంచీ ఉంది. అధికారులు ఆ రాత్రి గంజ్‌లోకి తప్పకుండా రావాలి. ఏ అరుగు మీద ఎవరుంటారో మాకు తెలుసు. వెంట నడిచి చూపిస్తాం.