యాభై దాటాక కొనే మొదటి విమానం చిన్నదైతేనే మేలు

జిల్లా పల్లెల నుంచి నలభై ఏళ్ళ కిందట అమెరికా వెళ్ళి డాక్టర్లుగా, ఇంజనీర్లుగా స్థిరపడినవారు నేడు అరవై ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్నారు. పిల్లలు ప్రయోజకులయ్యారు. ఇంటి అప్పు తీరింది, చేతిలో నాలుగు డబ్బులు నిలిచాయి. ఆ వయసులో వారిలో ఎవరికైనా విమానం నడపాలన్న ముచ్చట పుడితే తప్పుపట్టవలసిన పనిలేదు. అక్కడి చట్టం అందుకు ఇన్నేళ్ళకు మించరాదని పెట్టలేదు. కనీసం 40 గంటలు గాలిలో శిక్షణ పొంది, రాతపరీక్ష, నడిపే పరీక్ష నెగ్గితే సొంతానికి నడుపుకొనే లైసెన్సు ఇస్తారు. పెద్ద వయసువారికి అరవై, డెబ్బై గంటలు పట్టవచ్చు. పట్టనీయండి. చిక్కంతా విమానం కొనే దగ్గరే వస్తుంది.

"కొనేదేదో పెద్దదే కొందాం, మళ్ళీ మళ్ళీ కొంటామా" అనే ధోరణి ఊళ్ళో ట్రాక్టరు కొనేవారిలోనూ ఉన్నదే. రెండెకరాల ఆసామి యాభై గుర్రాల ట్రాక్టరు కొంటే అప్పులపాలవుతాడు. ఆకాశంలో అదే పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ 1947 నుంచి 1982 వరకు వి ఆకారపు తోకతో బొనాంజా అనే విమానాన్ని తయారుచేసింది. చూడముచ్చటైన విమానం, మంచి వేగం. డబ్బున్న డాక్టర్లు ఎగబడి కొన్నారు. కొన్నాళ్ళకు అక్కడి పైలట్లు దానికి "డాక్టర్లను చంపే చీలిక తోక" అని పేరు పెట్టారు. నున్నని ఒళ్ళు కనుక ముక్కు కాస్త కిందికి వాలితే చాలు, వేగం అమాంతం పెరిగిపోతుంది. మబ్బులో చిక్కి దిక్కు తెలియని మనిషి తేరుకొనేలోగా విమానం చెయ్యి దాటుతుంది. తోక కట్టుబడిలోనూ బలహీనత ఉందని తేలి, దాన్ని గట్టిపరచాలని 1980లలో అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. అయినా నేరమంతా తోకది కాదు. రోజంతా ఆస్పత్రి పనిలో మునిగి, నెలకు రెండు గంటలు నడిపే చేతికి ఆ వేగం మించిన వేగం.

వయసు అడ్డు కాదనేవారు జె.ఆర్.డి. టాటాను చూపుతారు. నిజమే, 1982లో ఆయన 78వ ఏట లెపర్డ్ మాత్ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా వచ్చారు. అయితే ఆయన లైసెన్సు 1929 నాటిది. యాభై ఏళ్ళ అలవాటున్న చెయ్యి వేరు, యాభై ఏళ్ళు దాటాక పట్టిన చెయ్యి వేరు. పైగా ఆయన ఎన్నుకొన్నదీ చిన్న విమానమే గదా!

కొత్తగా నేర్చినవారికి తగినవి లేకపోలేదు. సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం 1956 నుంచి అమ్ముడవుతోంది. ఇంతవరకు 44 వేలకు పైగా తయారయ్యాయి. రెక్కలు పైన, చక్రాలు ఎప్పుడూ కిందనే. కాబట్టి దిగేటప్పుడు చక్రాలు దించడం మరిచిపోయే గొడవే లేదు. గంటకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది, 30 లీటర్ల పైన పెట్రోలు తాగుతుంది. ఏ ఊరి విమానాశ్రయంలోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. దానికంటే చవక కావాలంటే సెస్నా 150 ఉంది. అది 1977తో ఆగిపోయింది కాని, పాతవి ఇప్పటికీ ఎగురుతున్నాయి. రెండే సీట్లు. ట్యాంకు నింపితే మనుషులకు మిగిలే బరువు సుమారు 160 కిలోలు. కొత్త పైలటూ, నేర్పే గురువూ ఇద్దరూ కాస్త ఒళ్ళున్నవారైతే పెట్రోలు తగ్గించుకోక తప్పదు.

బరువు సంగతి ఇక్కడి తల్లిదండ్రులకు కూడా తెలిసి ఉండాలి. కొడుకునో కూతురినో చూడబోయినప్పుడు "రండి, పైనుంచి ఊరు చూపిస్తా" అంటే నలుగురూ ఎక్కి కూర్చుంటారు. 172లో నాలుగు సీట్లున్నా, నిండు ట్యాంకుతో మిగిలేది దాదాపు 300 కిలోలే. నలుగురు పెద్దవాళ్ళు, ఒక పెట్టె ఎక్కితే లెక్క మించిపోతుంది. వేసవి ఎండలో, కొండ ప్రాంతంలో గాలి పలచబడి ఆ బరువుతో లేవడమే కష్టమవుతుంది. ఇరవై మందిని ఎక్కించిన ఆటో మెల్లగానైనా నడుస్తుంది. విమానం దగ్గర ఆ సర్దుబాటు కుదరదు. ఒకరిని దిగమని చెప్పే పైలట్‌కు గర్వమని పేరు పెట్టకూడదు.

"రెండేళ్ళలో చిన్నది అమ్మి పెద్దది కొంటే డబ్బు వృథా" అన్న వాదం వట్టిది. సరైన ధరకు కొన్న పాత సెస్నా ధర కొత్త కారు ధరలా త్వరగా పడిపోదు. అసలు ఖర్చు ధర కాదు, పోషణ. ఏటా ఒకసారి విమానాన్ని విప్పి తనిఖీ చేయించాలన్నది అక్కడి నిబంధన. ఇంజను సుమారు 2000 గంటలు నడిచాక పూర్తిగా విప్పి కట్టాలని తయారీదార్ల మాట; ఆ ఖర్చు ఒక్కోసారి పాత విమానం ధరను అందుకుంటుంది. షెడ్డు అద్దె, బీమా వేరే. ఎడ్లను కొనేటప్పుడు పళ్ళు చూసినట్టు విమానానికి రికార్డు పుస్తకాలు చూడాలి. మొదటినాటి నుంచి చేసిన ప్రతి మరమ్మతూ వాటిలో ఉండాలి. చూసే మెకానిక్ కొనేవాడి మనిషై ఉండాలి గాని అమ్మేవాడి మనిషి కాకూడదు. సముద్రతీరంలో ఆరుబయట నిలిచిన విమానమైతే తుప్పు మరీ వెదకాలి.

అన్నిటికంటే ముందు ఒంటి పరీక్ష. నలభై దాటినవారికి ఆ సర్టిఫికెట్టు రెండేళ్ళకే చెల్లుతుంది. గుండెజబ్బు, ఇన్సులిన్ వాడే చక్కెర వ్యాధి ఉంటే అదనపు పరీక్షలు చాలా అడుగుతారు. కారు లైసెన్సునే ఒంటి పరీక్షకు బదులుగా ఒప్పుకొనే తక్కువ తరగతి లైసెన్సు 2004 నుంచి ఉంది. 2025 అక్టోబరు నుంచి దానిపై 172 లాంటివి కూడా నడపవచ్చు, కాని వెంట ఒక్కరినే ఎక్కించుకోవాలి. అయితే పెద్ద సర్టిఫికెట్టుకు దరఖాస్తు చేసి కాదనిపించుకున్నవారికి ఈ దారీ మూసుకుపోతుంది. ఆ పద్ధతులు తెలిసిన డాక్టరును ముందే కలిస్తే నష్టమేమీ లేదు. ఇవేవీ చూసుకోకుండా విమానం కొని షెడ్డులో పెట్టుకోవడం, పెళ్ళిచూపులు కాకుండానే పందిరి వేయడం వంటిది.

తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి మరో అడ్డు ఉంది. విమానం సొంత పేరున నమోదు కావాలంటే ఆ దేశ పౌరులై ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి. పౌరులు కానివారు శిక్షణ మొదలుపెట్టే ముందు భద్రతా శాఖ అనుమతి కూడా తీసుకోవాలి.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒక విమానం కొనుక్కోవడం అక్కడ మామూలే. వయసు మీరినవారికి అదే అన్నిటికన్నా మంచి ఏర్పాటు. నెలల తరబడి కదలని ఇంజను లోపల తుప్పు పడుతుంది. ముగ్గురు నడిపితే అది ఆగదు, తుప్పూ పట్టదు. ఖర్చు మూడు వంతులవుతుంది. ఒకరికి ఒంట్లో బాగుండక మానుకొన్నా మిగతా ఇద్దరూ నిలబెడతారు. ఉమ్మడి బోరుబావి దగ్గర వచ్చే తగాదాలే ఇక్కడా వస్తాయి కనుక, ఎవరి వంతు ఏ రోజు, టైరు పగిలితే డబ్బెవరిది, వాటా అమ్ముకోవాలంటే ఎలా అన్నవి కొనకముందే కాగితం మీద పెట్టుకోవాలి.