ఇంటింటి కబుర్లు: ఏ చరిత్రకు టిక్కు పెట్టాలి?

మొన్న ఆదివారం సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి కాగితం ఒకటి పట్టుకొని వచ్చింది. బి.ఏ. చరిత్రలో వచ్చే ఏడు ప్రత్యేక విభాగం ఎంచుకోవాలట. ప్రాచీనం, మధ్యయుగం, ఆధునికం. మూడింటికీ ఎదురుగా మూడు గళ్ళు. "తాతగారూ, దేనికి టిక్కు పెట్టమంటారు?" అంది. వెనకాలే వాళ్ళ నాన్న వచ్చాడు. ఇక్కడే, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం ఆయనకు. "ఏది పెడితేనేం లెండి, మూడింటికీ జీతం ఒకటే, సున్న!" అన్నాడు. పిల్ల మొహం చిన్నబోయింది.

నా సంగతి చెప్పాను. ఎం.ఏ.లో నేను ఆధునిక యుగం తీసుకున్నాను. దేశభక్తి వల్ల కాదు, నోట్సు సులువుగా దొరికేవి కనుక. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పానే గాని, శాసనం ఒక్కటి సొంతంగా చదవలేకపోయాను. ఆ లోటు ఈనాటికీ ఉంది.

అందుచేత, "నీకు ఏ భాషలు వచ్చునమ్మా?" అని ముందు అడిగాను. గోలకొండ నవాబుల జోలికి పోవాలంటే పారసీకం కావాలి. కంపెనీ దొరల కాలానికి ఇంగ్లీషు దస్తరాలు చాలా మటుకు సరిపోతాయి గాని, పల్లెల సంగతులు కావాలంటే కైఫీయతులు చూడక తప్పదు. మెకంజీ దొర కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ములు ఊరూరా తిరిగి సేకరించిన సరుకులో చాలా భాగం మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. బొర్రయ్య పాపం 1803లోనే పోయాడు.

"తెలుగు మాట్లాడతాను, చదవడం రాదు. బళ్ళో కన్నడమే చదివాను," అంది పిల్ల తలవంచుకొని. మన ఇళ్ళలో ఇది కొత్తా? నేర్పని వాళ్ళం మనం, తలవంచుకునేది వాళ్ళు.

అయితే ఇక్కడే ఆ అమ్మాయి అదృష్టం ఉంది. వెయ్యేళ్ళ కిందట కన్నడానికీ తెలుగుకూ లిపి ఒక్కటే. కన్నడం చదివిన కళ్ళకు మన అక్షరాలు నెల తిరక్కుండా పట్టుబడతాయి. మన పక్కనున్న బేగూరు నాగేశ్వరాలయంలో 890 ప్రాంతపు వీరగల్లు ఉంది. బెంగుళూరు పేరు, ఇక్కడ జరిగిన ఒక యుద్ధం దాని మీద చెక్కి ఉన్నాయి. మనం కాపురముంటున్న ఈ ఎలక్ట్రానిక్ సిటీని 1970ల చివర కియోనిక్స్ వారు వేసింది కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు పొలాల మీదే. ఆ కోనప్ప ఎవరని మనలో ఎందరం అడిగాం? అమెరికాలో ఆచార్యురాలు సింథియా టాల్బట్ మన శాసనాలే ఆధారంగా కాకతీయుల కాలం మీద 2001లో గొప్ప పుస్తకం వెలువరించింది. ఆమెకు పట్టుబడిన తెలుగు మన పిల్లలకు పట్టుబడదా?

"ఇంతకీ ఉద్యోగం?" అన్నాడు తండ్రి మళ్ళీ. అబద్ధం ఎందుకు? శాసనాలు చదివేవారికి కొలువులు తక్కువే. మైసూరులో కేంద్ర పురావస్తు శాఖవారి శాసన విభాగం ఉంది. చదవగలిగిన వాళ్ళూ తక్కువే. పిల్లతో మాత్రం ఒక మాట అన్నాను: మీ కాలేజీలో శాసనాలు చెప్పగల అధ్యాపకులు ఉన్నారో లేదో ముందు కనుక్కో. లేకపోతే ప్రాచీనానికి టిక్కు పెట్టీ ప్రయోజనం లేదు. గైడు పుస్తకం బట్టీయమే మిగులుతుంది.

టిక్కు ఇంకా పెట్టలేదు. గడువు నెలాఖరు దాకా ఉందట. వచ్చే ఆదివారం బేగూరు వెళుతున్నాం. కారు తాను తీస్తానన్నాడు తండ్రి.